పెద్దవంగర చుట్టుపక్కల ఊహాజీవులు

ఊహాజీవి అంటే ఏ అడవిలోనూ కనబడదు గానీ పేరు, ఒళ్ళు, ఉండే చోటు, తత్వం అన్నీ స్థిరపడిపోయిన జంతువు. ఒకరి కలలోకి వచ్చి తెల్లారేసరికి మరుపున పడ్డది ఈ లెక్కలోకి రాదు. పదిమంది చూసి ‘ఇది మకరం’, ‘ఇది గజకేసరి’ అని తడుముకోకుండా చెప్పగలిగినప్పుడే దానికి ఆ హోదా. అలాంటి జీవులకు పట్టిక కట్టే పని ఇవాళ ఎక్కువగా వీడియో గేముల వాళ్ళు చేస్తున్నారు. కొత్త లోకం ఒకటి తయారు చేస్తే అందులో తిరిగే ప్రతి ప్రాణికీ పేరు, బొమ్మ, బలం, లోపం రాసిపెట్టుకోక తప్పదు. కాకతీయుల సీమలో ఈ పని ఎనిమిది వందల ఏళ్ళ కిందటే రాతి మీద జరిగింది. ఆ తర్వాత ఇత్తడి రేకు మీద, పటం గుడ్డ మీద, చివరికి పిల్లల పత్రికలోనూ జరిగింది.

పెద్దవంగర ఉమ్మడి వరంగల్ జిల్లాలోని ఊరు. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు మహబూబాబాద్ జిల్లాలో మండల కేంద్రమైంది. ఈ ఊరిని నడిమధ్యన పెట్టుకుని చూస్తే జనగామ వైపు పాలకుర్తి, బమ్మెర, పెంబర్తి. మహబూబాబాద్ వైపు కురవి. ఉత్తరాన ఓరుగల్లు కోట దాటి పోతే పాలంపేట, గణపురం, మేడారం. ఈ వ్యాసానికి ఇదే పొలిమేర. జిల్లాల గీతలు పదేళ్ళలోనే రెండు మూడుసార్లు మారాయి. మొదట భూపాలపల్లి జిల్లాలో కలిసిన పాలంపేట 2019 ఫిబ్రవరి నుంచి ములుగు జిల్లాలో ఉంది. ఊహాజీవులకు ఈ గీతలతో పని లేదు కాబట్టి ఇక్కడ పాత వరంగల్ సీమనంతా ఒక్కటిగానే తీసుకున్నాం.

పట్టికలో ఎవరిని చేర్చాలన్నది మొదటి చిక్కు. నరసింహస్వామికి సింహం తల, మనిషి ఒళ్ళు. ఆకారాన్ని బట్టి చూస్తే ఊహాజీవే. కానీ రోజూ దీపం పెట్టి మొక్కే దేవుణ్ణి జంతువుల పట్టికలో రాస్తే చదివేవాళ్ళు ఊరుకోరు, ఊరుకోనక్కర్లేదు కూడా. దేవుళ్ళనూ అవతారాలనూ పక్కన పెట్టి, వాళ్ళ వాహనాలనూ ద్వారం కాపలా జంతువులనూ మాత్రం చేర్చుకోవడం మేలు. రెండో చిక్కు దీనికి ఎదురు దిక్కునుంచి వస్తుంది: చూడ్డానికి కట్టుకథలా ఉండి నిజంగా బతికినవి. గోదావరి లోయ రాళ్ళలో దొరికిన కోటసారస్ దాదాపు తొమ్మిది మీటర్ల పొడవున్న రాక్షసబల్లి. యామన్‌పల్లి దగ్గర దొరికిన ఈ బల్లికి 1988లో యాదగిరి అనే శాస్త్రవేత్త పేరు పెట్టాడు. దాని ఎముకల గూడు హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. ఏ శిల్పీ అంత పెద్ద జంతువును ఊహించలేదు. అయినా అది ఈ పట్టికలోకి రాదు.

గేముల వాళ్ళ పద్ధతి

గేములలో జీవుల పట్టికకు మూలం కాగితం మీద ఆడే ఆట. అమెరికాలో 1974లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆటకు 1977లో గ్యారీ గైగాక్స్ మాన్‌స్టర్ మాన్యువల్ అనే పుస్తకం రాశాడు. గ్రీకు పురాణాలు, యూరప్ జానపద కథలు, సినిమాలు, ఎక్కడ ఏ వింత ప్రాణి కనబడితే దాన్ని తెచ్చి అందులో అకారాది క్రమంలో పేర్చాడు. ఒక్కోదానికీ ఎన్ని దెబ్బలకు చస్తుంది, ఎంత వేగంగా కదులుతుంది, దాని గుహలో ఎంత నిధి ఉంటుంది అన్న అంకెలు తగిలించాడు. తర్వాత వచ్చిన కంప్యూటర్ ఆటలు చాలావరకు ఈ గళ్ళనే వాడుకున్నాయి. జపాన్‌లో 1986లో వచ్చిన డ్రాగన్ క్వెస్ట్‌కు బొమ్మలు గీసిన అకిరా తోరియామా అన్నిటికన్నా బలహీనమైన శత్రువును నవ్వుముఖం ఉన్న నీటిబొట్టులా గీశాడు. ఆ బొట్టునే రంగు మార్చి ఇంకో జీవి అన్నారు. ఆనాటి యంత్రాలలో జాగా తక్కువ. ఒకే బొమ్మకు రెండు మూడు రంగులు పూస్తే రెండు మూడు ప్రాణులు చేతికొచ్చేవి.

1996లో పోకెమాన్ వచ్చింది. అందులో పట్టికే ఆట. 151 జీవులను వెతికి పట్టుకుని చిట్టాకెక్కించడమే ఆడేవాడి పని. దాన్ని ఊహించిన సతోషి తజిరికి చిన్నప్పుడు పురుగులు పట్టి దాచుకునే అలవాటుండేదట. వానలు పడగానే ఆరుద్ర పురుగులను అగ్గిపెట్టెలో పెట్టుకుని తిరిగిన పిల్లలకు ఈ సంబరం గురించి వేరే చెప్పనక్కర్లేదు.

ఈ పట్టికలన్నిటిలో అంకెలు ఎక్కువ, చోటు తక్కువ. జీవి ఎక్కడ దొరుకుతుందో రాస్తారు, అక్కడే ఎందుకుందో చాలాసార్లు రాయరు. కాకతీయ శిల్పుల లెక్క ఇందుకు పూర్తిగా తిరగేసి ఉంటుంది. వాళ్ళకు ముందు చోటు, తర్వాతే జీవి.

వ్యాళం

పాలంపేట రామప్ప గుడికి అసలు పేరు రుద్రేశ్వరాలయం. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. 2021 జులై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. చూడ్డానికి వెళ్ళినవాళ్ళంతా గుమ్మాల దగ్గర మదనికలనే నల్లరాతి ఆడబొమ్మల కింద మెడలు నొప్పిపుట్టేదాకా నిలబడతారు. అవి పన్నెండు, మూడు ద్వారాలకూ నాలుగేసి. ఇంకో రెండడుగులు పక్కకు వేస్తే, చూరు చుట్టూ మదనికలు ఉన్నట్టే ఏటవాలుగా నిలిచిన వ్యాళాలు కనబడతాయి. వాటిని చూసేవాళ్ళు తక్కువ. గైడ్లు కూడా ‘సింహం, ఏనుగు’ అని ఒక్క మాటలో తేల్చేసి నాగిని బొమ్మ దగ్గరికి తీసుకుపోతారు.

కింద ఏనుగు ఉంటుంది, దానిమీద వెనక కాళ్ళపై లేచిన సింహరూపం. నడుము సన్నగా విల్లులా వంగి ఉంటుంది. రొమ్ము ముందుకు పొడుచుకొస్తుంది, కళ్ళు గుడ్లలా బయటికి ఉబుకుతాయి, జూలు ముంగురుల్లా చుట్టలు చుట్టలుగా తిరిగి ఉంటుంది. నిజం సింహానికి ఇంత నడుము సన్నం ఉండదు, ఇంత సింగారమూ ఉండదు. అది అడవి సింహం కాదు, కొలతల సింహం. చూరుకూ స్తంభానికీ మధ్యన ఉన్న మూలజాగాలో ఒదగాలి కాబట్టి ఆ ఒళ్ళు అలా సాగింది. దాన్ని కింద నేల మీద నిలబెట్టి చూస్తే వికారంగా ఉంటుంది. పైన ఏటవాలుగా ఉంటేనే అది ప్రాణమున్న జంతువు.

‘వ్యాళం’ అన్న మాటకు సంస్కృతంలో పాము అనీ, మదమెక్కిన ఏనుగు అనీ, క్రూరమృగం అనీ అర్థాలున్నాయి. అంటే అది ఒక జంతువు పేరు కాదు, భయం పేరు. తమిళులు యాళి అంటారు. మన దగ్గర గజకేసరి, శార్దూలం అన్న మాటలు ఎక్కువ వాడుక. గజకేసరి అన్నప్పుడు రెండు జంతువుల పేర్లూ వచ్చాయి గానీ పోట్లాటలో ఎవరు పైనున్నారో చెప్పలేదు. బొమ్మ చూస్తే చెప్పనక్కర్లేదు.

ఈ వ్యాళాలకు శాస్త్రంలో పట్టిక ఉంది. పశ్చిమ భారతంలో 12వ శతాబ్దంలో పుట్టిన ‘అపరాజితపృచ్ఛ’ అనే శిల్పగ్రంథం వ్యాళాలను తలను బట్టి పదహారు రకాలు చేసింది. సింహం, ఏనుగు, గుర్రం, మనిషి, ఎద్దు, పొట్టేలు, చిలుక, పంది, దున్న, చివరికి ఎలుక, కోడి దాకా ఒక్కో తల. ఒక్కో రకానికీ నిలబడే తీరు పదహారు. పదహారును పదహారుతో గుణిస్తే 256. ఎనిమిది బిట్ల కంప్యూటర్‌లో ఒక బైట్‌కు ఎన్ని విలువలు పడతాయో సరిగ్గా అన్నే. ఇది కేవలం కాకతాళీయం, దీన్నుంచి మనవాళ్ళకు కంప్యూటర్ ముందే తెలుసని ఎవరూ ఉపన్యాసాలు దంచనక్కర్లేదు. పద్ధతి మాత్రం ఒకటే: ఒళ్ళు మార్చకుండా తల మార్చు, తల మార్చకుండా నిలబడే తీరు మార్చు. డ్రాగన్ క్వెస్ట్ వాళ్ళు రంగు మార్చి చేసింది ఇదే పని. వ్యాళాల మీద మధుసూదన్ ఢాకీ 1965లో అచ్చువేసిన పుస్తకం ఈ లెక్కలన్నిటినీ గుళ్ళలోని బొమ్మలతో పోల్చి చూపింది. తర్వాత ఈ దారిన నడిచినవాళ్ళంతా దాన్ని దాటి పోలేకపోయారు.

కాకతీయ శిల్పి ఆ గ్రంథాన్ని ఎదురుగా పెట్టుకుని చెక్కాడని అనడానికి లేదు. కానీ అదే తర్కం అతనికీ తెలుసనడానికి గణపురం కోటగుళ్ళు సాక్ష్యం. భూపాలపల్లి జిల్లాలో రామప్పకు దగ్గర్లోనే ఉన్న ఈ గుళ్ళ గుంపు గణపతిదేవుని కాలంనాటిది. మధ్యలోని గణపేశ్వరాలయం చుట్టూ చిన్న గుళ్ళు చాలా ఉన్నాయి, చాలావరకు శిథిలాలు. అక్కడ మామూలు గజకేసరితో పాటు ఏనుగునెక్కిన నరసింహరూపం ఒకటుంది: సగం మనిషి, సగం సింహం. ఇంకోటి గుర్రపు తల ఉన్న సింహం, అదీ ఏనుగు మీదే. కింది ఏనుగు మారలేదు, పైనున్నదాని తల మాత్రం మారింది. రామప్పలో ఒక పాఠం చెప్పి, గణపురంలో అదే పాఠానికి అభ్యాసాలు చేయించినట్టు ఉంటుంది.

ఏనుగు ఎప్పుడూ కిందే ఎందుకుందన్నదానికి రకరకాల జవాబులున్నాయి. ఏనుగు బౌద్ధం, సింహం శైవం అని కొందరు చెప్పేది గైడ్ల నోట బాగా నలిగింది గానీ నమ్మదగ్గది కాదు. ఆ గుళ్ళకే పీఠం చుట్టూ ఏనుగుల వరస ఉంటుంది. ద్వేషించేదాన్ని ఎవరైనా ఇంటి పునాదిలో అంత ముద్దుగా పేరుస్తారా? ఏనుగు మోసే జంతువు, సింహం లేచే జంతువు. బరువు కిందికి దిగే చోట మొదటిదాన్ని, చూపు పైకి పోయే చోట రెండోదాన్ని పెట్టారు. శిల్పి చూపుతో చూస్తే ఇంతకన్నా వెతకనక్కర్లేదు.

మకరం, కీర్తిముఖం, హంస

ఇవి గుమ్మం జీవులు. మకరానికి మొసలి నోరు, ఏనుగు తొండం, చేప ఒళ్ళు, నెమలి పింఛంలా విప్పారిన తోక. గంగకూ వరుణుడికీ వాహనం, మన్మథుడి జెండా మీది గుర్తు, రాశులలో ఒకటి. సంక్రాంతికి ముందు దాని పేరు పలకని తెలుగువాడు లేడు, అయినా అదెలా ఉంటుందో చెప్పమంటే చాలామంది మొసలిని గీస్తారు. మొసలి మకరం కాదు. మొసలి నోరు తెరిస్తే లోపలికి పోతాం. మకరం నోరు తెరిస్తే లోపల్నుంచి తీగ, పువ్వు, సైనికుడు, ఒక్కోసారి ఇంకో జంతువు బయటికొస్తాయి. ఆ నోరు మింగడానికి కాదు, కనడానికి.

కీర్తిముఖం తల ఒక్కటే, ఒళ్ళు లేదు. ఎందుకు లేదో పురాణం చెబుతుంది. జలంధరుడు రాహువును రాయబారం పంపితే శివుడి మూడోకంటి నుంచి ఆకలిగొన్న భూతం ఒకటి పుట్టి రాహువు మీదికి ఉరికింది. రాహువు శరణనగానే శివుడు దాన్ని ఆపాడు. మరి నా ఆకలి మాటేమిటని అది అడిగితే, నిన్ను నువ్వే తిను అన్నాడు. కాళ్ళ నుంచి మొదలుపెట్టి మొహం మిగిలేదాకా తినేసింది. శివుడు మెచ్చి ద్వారం మీద చోటిచ్చాడు. గేముల భాషలో చెప్పాలంటే చివరి అంకంలో ఎదురయ్యే బాస్‌కు కావలసిన హంగులన్నీ ఉన్న జీవిని తెచ్చి వాచ్‌మన్ పనిలో పెట్టారు. ఊళ్ళలో కొత్తిల్లు కడితే దిష్టి తగలకుండా ముందు కట్టే నాలుక చాచిన రాక్షసి మొహం ఇంచుమించు దీని కొలువే చేస్తుంది, జీతం మాత్రం తక్కువ.

హంస నిజం పక్షే గానీ పాలనూ నీళ్ళనూ వేరు చేసే హంస మాత్రం ఊహాజీవి. ఓరుగల్లు కోటలోని నాలుగు కీర్తితోరణాల పైన కొసలలో ఈ హంసలే కూర్చున్నాయి. మధ్యలో ఉండాల్సిన స్వయంభూ శివాలయం కూలిపోయింది, చుట్టూ గుమ్మాలు మిగిలాయి. అదే తోరణం 2014లో తెలంగాణ రాజముద్రలోకి వచ్చింది. దాంతో ప్రభుత్వ ఉత్తరం అందుకున్న ప్రతి ఇంటికీ ఈ పట్టికలో రెండు జీవులు పోస్టులో వచ్చినట్టే. ముద్ర అంత చిన్న సైజులో హంసను గుర్తుపట్టడానికి భూతద్దం కావాలి.

రాతి నుంచి ఈ మూడూ లోహంలోకి దిగిన చోటు పెంబర్తి. హైదరాబాద్ నుంచి వరంగల్ పోయే దారిలో జనగామకు ముందు వచ్చే ఊరు. ఇక్కడి విశ్వకర్మలు చేసే ఇత్తడి రేకు పనికి 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది. దేవుడి వెనక నిలబెట్టే మకరతోరణం వాళ్ళ చేతికి అలవాటైన సరుకు. రేకును కాల్చి మెత్తబరుస్తారు. రాళ ముద్ద పరిచిన పీట మీద బోర్లించి, వెనకనుంచి సుత్తి, ఉలి ఆనించి కొడుతూ ఉబ్బిస్తారు. తర్వాత తిప్పి ముందువైపు సన్న ఉలితో గీతలు తేలుస్తారు. మకరం కనుగుడ్డు వెనకనుంచి చూస్తే చిన్న గుంట, ముందునుంచి చూస్తే చూపు. కుడిపక్క మకరం ఎడమపక్క మకరానికి అద్దంలో నీడలా ఉండాలి. చేతిపనిలో అది అనుకున్నంత సులువు కాదు. రెండిటి నోళ్ళ నుంచి లేచిన తీగ పైన కలుసుకునే చోట కీర్తిముఖాన్ని కూర్చోబెడతారు. ఆ క్రమాన్ని ఏ పుస్తకమూ చూడకుండా చేస్తారు. రామప్ప వ్యాళానికి చూరు ఎలాగో, ఈ మకరానికి ఈ వంపు అలాగ.

శరభం మీద గండభేరుండం

కొన్ని జీవులు ఒకదానికి విరుగుడుగా ఇంకోటి పుట్టినవి. హిరణ్యకశిపుణ్ణి చంపాక నరసింహుడి కోపం చల్లారకపోతే శివుడు వీరభద్రుణ్ణి పంపాడు, వీరభద్రుడు శరభరూపమెత్తి అణచాడని శైవపురాణాల మాట. శరభానికి ఎనిమిది కాళ్ళు, సింహం ఒళ్ళు, పక్షి రెక్కలు. వైష్ణవులు ఊరుకుంటారా? ఆ శరభాన్ని పట్టుకోవడానికి విష్ణువు రెండు తలల గండభేరుండమయ్యాడని వాళ్ళు చెప్పారు. గేములలో ఒక లెవెల్ దాటితే అంతకన్నా పెద్ద శత్రువు వచ్చినట్టే ఈ వరస పెరిగింది. మహబూబాబాద్ పక్కనున్న కురవిలో వీరభద్రస్వామి పేరు మోసిన దేవుడు. జాతరకు వెళ్ళే వాళ్ళలో శరభం సంగతి తెలిసినవాళ్ళు కొద్దిమందే. గండభేరుండానికి మన సీమలో కన్నా కన్నడదేశంలో పలుకుబడి ఎక్కువ. బళ్ళిగావిలో 1047లో నిలిపిన స్తంభం మీద అది మనిషి ఒంటితో నిలబడింది, విజయనగర రాజు అచ్యుతదేవరాయల నాణేల మీద ఏనుగులను కాళ్ళతోనూ ముక్కులతోనూ ఎత్తుకుపోయింది, ఇవాళ కర్ణాటక రాజముద్రలో ఉంది. ఏనుగుకు ఇక్కడా సుఖం లేదు.

పక్కనున్న ఒడిశాది నవగుంజరం. 15వ శతాబ్దంలో సారళాదాసు ఒడియా మహాభారతంలో పుట్టింది. కోడి తల, నెమలి మెడ, ఎద్దు మూపురం, సింహం నడుము, పాము తోక, మూడు కాళ్ళు మూడు జంతువులవి, నాలుగో కాలికి బదులు మనిషి చెయ్యి. అర్జునుడు బాణం ఎక్కుపెట్టి, ఆ చేతిని చూసి ఇది దేవుడే అని గుర్తుపట్టి విల్లు దించాడట. పట్టికలు కట్టేవాళ్ళకు ఇందులో ఒక పాఠముంది: తొమ్మిది అవయవాలలో గుర్తుపట్టడానికి పనికొచ్చింది ఒక్కటే.

శాపం

మన ఊహాజీవులకూ గేముల జీవులకూ అసలైన తేడా చంపాక ఏం జరుగుతుందన్న దగ్గర ఉంది. గేములో జంతువు చస్తే బంగారు నాణెమో కత్తో రాలుతుంది. మన కథల్లో చస్తే దానిలోంచి దాని పాత రూపం బయటికొస్తుంది. బమ్మెర పోతన భాగవతంలోని గజేంద్రమోక్షంలో ఏనుగు, మొసలి, మడుగు తప్ప వింత జంతువులేమీ లేవు. కానీ ఆ ఏనుగు వెనకటి జన్మలో ఇంద్రద్యుమ్నుడనే రాజు, మొసలి హూహూ అనే గంధర్వుడు. చక్రం తెగవేసింది మొసలి గొంతును, విడిపించింది గంధర్వుణ్ణి. పట్టిక కట్టేటప్పుడు ‘పూర్వరూపం’, ‘ఎవరి శాపం’, ‘విమోచనం ఎప్పుడు’ అని మూడు గళ్ళు అదనంగా గీసుకోకపోతే తెలుగు జీవులు సగమే నమోదవుతాయి. మాన్‌స్టర్ మాన్యువల్ గళ్ళలో దీనికి చోటు లేదు.

పోతన ఊరికి పొరుగునే పాలకుర్తి. 13వ శతాబ్దపు పాల్కురికి సోమనాథుడి ‘పండితారాధ్య చరిత్ర’లో ఆటలు, పాటలు, వాద్యాలు వరసగా పేర్లతో సహా దొరుకుతాయి. పట్టిక కట్టే బుద్ధి ఈ నేలకు కొత్త కాదు.

పటం మీద, చెట్టు మీద

చేర్యాల 2016 దాకా వరంగల్ జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు సిద్దిపేట జిల్లా. అక్కడి నకాషీలు గుడ్డకు చింతగింజల అంబలి, తెల్లమట్టి పట్టించి ఎర్రటి నేపథ్యంలో కులపురాణాలు గీస్తారు. 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పటాన్ని విప్పుతూ కథ చెప్పేవాళ్ళు కులానికొకరు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణం చెబుతారు. అందులో భావనారుషి పులి నెక్కి కనబడతాడు. మాదిగలకు డక్కలివారు జాంబవ పురాణం చెబుతారు. నేల పుట్టకముందే జాంబవుడు పుట్టాడని ఆ కథ. రామాయణంలో ముసలి ఎలుగుబంటుగా పక్కన కూర్చున్నవాడు ఇక్కడ సృష్టికే తాత. ఒకే జీవి ఎవరి పటం మీద ఉందన్నదాన్ని బట్టి దాని అంతస్తు మారుతుంది. ఇలాంటి వాటికి పట్టికలో రెండు పద్దులు రాయడమే న్యాయం.

మేడారం సమ్మక్క కథలో జంతువు మామూలు పులి. వేటకు పోయిన కోయ పెద్దలకు పులుల నడుమ ఆడుకుంటూ పసిపిల్ల దొరికిందని చెబుతారు. ఇక్కడ వింత జంతువులో లేదు, అది చేయని పనిలో ఉంది.

దయ్యాల సంగతి వేరు. వాటికి బొమ్మలు లేవు, నియమాలున్నాయి. పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయి, చింతచెట్టు మీద కాపురం, ఇనుమంటే భయం, ఆంజనేయ దండకం వింటే పరుగు. కొరివిదయ్యం నిప్పు పట్టుకుని చేల గట్ల మీద తిరుగుతుంది. బ్రహ్మరాక్షసుడు రావిచెట్టు మీద ఉంటాడు. బతికి ఉండగా చదువుకున్నవాడు, కాబట్టి పట్టుకునే ముందు ప్రశ్నలడుగుతాడు. వీటి పట్టిక కాగితం మీదికి పెద్దగా ఎక్కలేదు. రాత్రి పూట పొలం నీళ్ళకు పోయేవాళ్ళ నోట భద్రంగా ఉండేది. కరెంటు మోటార్లకు ఆటోమేటిక్ స్టార్టర్లు వచ్చాక ఆ రాత్రి ప్రయాణాలు తగ్గాయి, కొరివిదయ్యాలూ తగ్గాయి.

చందమామలో

తెలుగులో అచ్చుకెక్కిన ఊహాలోకాలలో అన్నిటికన్నా పెద్దది దాసరి సుబ్రహ్మణ్యంది. 1947 జులైలో మొదలైన చందమామలో 1954 నుంచి ‘తోకచుక్క’తో ఆరంభించి ‘మకరదేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘భల్లూక మాంత్రికుడు’ వంటి సీరియల్స్ తన పేరు లేకుండానే రాశాడు. పేర్లు చూస్తే చాలు, సగం పట్టిక తయారవుతుంది. ఆయన కలానికి ‘చిత్ర’ అనే చిత్రకారుడు గీసిన బొమ్మలు తోడు. ఆ బొమ్మల్లో రాక్షసుల మొలకు చుట్టిన తోళ్ళు, జంతువుల తలల కిరీటాలు, పొదల్లోంచి తొంగిచూసే కోరలు నెల నెలా పల్లెటూరి పిల్లల చేతికి వచ్చేవి. ఇవి ఏ పురాణంలోంచీ నేరుగా తెచ్చినవి కావు. పాత అవయవాలతో కొత్త జీవిని కట్టడంలో చిత్ర పని వ్యాళం చెక్కిన శిల్పి పనికి వారసత్వమే, మధ్యలో ఏడు వందల ఏళ్ళ ఎడం ఉన్నా. ఈ సీరియల్స్‌లోని జీవులన్నిటినీ ఒక్కచోట చేర్చి అకారాదిగా పుస్తకం వేస్తే మంచి గేముకు కావలసిన సరంజామా అంతా అందులోనే ఉంటుంది.

ఇక్కడివి అక్కడికి పోయాక

మన జీవులు విదేశీ ఆటల్లోకి పోయి వేషం మార్చుకున్నాయి. మాన్‌స్టర్ మాన్యువల్‌లో రాక్షసుడు పులితల పెట్టుకుని దొర కోటు తొడుక్కుని పొగ పీల్చే గొట్టంతో కూర్చుంటాడు. మంత్రించిన బాణం తగిలితే తక్షణం చస్తాడు. గైగాక్స్ అతన్ని రామాయణం చదివి తేలేదు. అప్పట్లో వచ్చే ఒక అమెరికన్ టీవీ సీరియల్ చూసి తెచ్చాడు. తర్వాతి ఆటల్లో ఈ పులితలే స్థిరపడి, అరచేతులు కూడా తిరగబడ్డాయి. మన దయ్యాలకు పాదాలు తిరగబడితే వాళ్ళ రాక్షసుడికి చేతులు తిరగబడ్డాయన్నమాట. జపాన్ వాళ్ళ ఫైనల్ ఫాంటసీలో 1990 నుంచి శివ అనే పేరుతో కనబడేది మంచు కురిపించే ఆడమనిషి. కైలాసంలోని చలి ఒక్కటే సరిగ్గా పట్టుకున్నారు. గరుడ కూడా అదే ఆటలో శత్రువుగా వచ్చాడు.

ఇలాంటివి చూసి మనోభావాల గొడవ పెట్టుకోవడం కన్నా మన పట్టిక మనం సరిగ్గా కట్టుకోవడం ముఖ్యం. పుణెలో నోడింగ్ హెడ్స్ అనే సంస్థ 2020లో ‘రాజీ’ అనే ఆట తెచ్చి పురాణకథలనూ పాత కోటల వాస్తునూ అందులో వాడుకుంది. హైదరాబాద్‌లో యానిమేషన్‌కు కొదవ లేదు. ఛోటా భీమ్ పుట్టింది ఇక్కడే, 2008లో. గేమింగ్, యానిమేషన్‌ల కోసం తెలంగాణ ప్రభుత్వం 2016లో ప్రత్యేక విధానమూ ప్రకటించింది. ఇంత ఉన్నా కాకతీయ వ్యాళానికి ఇంకా ఒక సరైన త్రీడీ బొమ్మ పడలేదంటే లోటు యంత్రాలది కాదు. రామప్ప చూరు కింద ఒక్కో వ్యాళాన్ని నిలబడి చూసి, తల ఏది, తోక ఎటు తిరిగింది, ముందు కాలు ఏనుగు నెత్తిన ఉందా గాలిలో ఉందా అని రాసుకునే ఓపికది.

అలా రాయబోతే వెంటనే తగిలే చిక్కు గణపురంలోని గుర్రపుతల సింహం. గజకేసరి అందామంటే కేసరి తల లేదు. అశ్వవ్యాళం అందామంటే ఒళ్ళు సింహానిది, పైగా కింద ఏనుగుంది. మూడు జంతువులనూ కలిపి పేరు కడితే పలకడానికి నోరు తిరగదు. పద్దు ఇలా ఉండొచ్చు. పేరు: గుర్రపుతల వ్యాళం. తల: గుర్రం. ఒళ్ళు: సింహం. వాహనం: ఏనుగు. చోటు: కోటగుళ్ళు, గణపురం. పూర్వరూపం అన్న గడి ఖాళీ.